చమురు చిక్కుకొను చోటు

నేల క్రింద చమురు చెరువువలె నిలిచియుండునని పలువురు తలంచుచుందురు. అది నిజము కాదు. తడిసిన ఇటుకలో నీరువలె, రాతి రేణువుల నడుమనున్న సన్నని సందులలో చమురు ఇమిడియుండును.

చమురు పుట్టిన చోటు వేరు, దొరకు చోటు వేరు. ప్రాచీన సముద్రముల అడుగున బురదలో పూడుకొనిపోయిన సూక్ష్మజీవుల అవశేషములు లోతున వేడికి లోనై, లక్షలాది సంవత్సరములలో చమురుగా మారును. అది అక్కడినుండి కదలి, ఇసుకరాయి, సున్నపురాయి పొరలలో ప్రవేశించును. ఆ పొరల సందులు అప్పటికే ఉప్పునీటితో నిండియుండును. చమురు నీటికన్న తేలిక గనుక పైపైకి ప్రాకును. అడ్డు లేనిచో నేలపైకి వచ్చి వ్యర్థమగును.

బురద గట్టిపడి ఏర్పడిన షేల్ రాయిగాని, ఉప్పుపొరగాని దానికి అడ్డు నిలువగలదు. కాని కప్పు ఉన్నంత మాత్రమున చాలదు. వాలుగానున్న కప్పు క్రింద చమురు ఎగువకు సాగిపోవును గదా! కప్పు బోర్లించిన మూకుడువలె ఉన్నచో చమురు అందు చిక్కుకొనును. పొరలు పైకి వంగి ఏర్పడిన ఇట్టి ఆకృతిని అపనతి అందురు. అందు వాయువున్నచో అది పైన, చమురు నడుమ, నీరు అడుగున నిలుచును. పొరలు విరిగి జారినచోటను, లోతునుండి ఉప్పు గుమ్మటమువలె పైకి పొడుచుకొని వచ్చినచోటను గూడ చమురు చిక్కవచ్చును.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, స్పిండిల్‌టాప్ అను మిట్టపై 1901 జనవరి 10న ఒక బావినుండి చమురు నూరడుగులకు మించి ఎగసెను. ఆ మిట్ట క్రింద ఉప్పు గుమ్మటము కలదు. అటుపిమ్మట అట్టి గుమ్మటములకై వెదకులాట సాగెను. ఆ రాష్ట్రపు తూర్పుభాగమున మాత్రము గుమ్మటముగాని, అపనతిగాని కానరానందున పెక్కురు నిపుణులు ఆశ వదలుకొనిరి. కాని 1930 అక్టోబరులో అక్కడనే ఒక బావిలో చమురు పడెను! అచటి ఇసుకరాయి పొర తూర్పునకు ఎక్కుచు, క్రమముగా పలుచనై అంతరించినది. పైన సుద్దరాయి దానిని మూసివేసినది. ఎగువకు ప్రాకిన చమురునకు దారి లేకపోయెను. ఆ క్షేత్రము అమెరికాలోని అతిపెద్ద చమురు క్షేత్రములలో ఒకటి.

వంపు లేనిచోట చమురు దొరకినట్లే, చక్కని వంపులో ఉప్పునీరే దొరకుటయు కలదు. చమురు దాటిపోయిన పిమ్మట ఏర్పడిన వంపు దానిని పట్టజాలదు. భూమిలోనికి ప్రకంపనములను పంపి, తిరిగి వచ్చు ప్రతిధ్వనులనుబట్టి పొరల ఆకృతిని నేడు గుర్తింపగలరు. కాని అందు చమురు కలదో లేదో నిశ్చయముగ తెలుపునది బావి ఒక్కటే.