సెలవులలో చిక్కుప్రశ్నలు

ప్రోగ్రామింగు నేర్చుకొంటున్న పిల్లలకు సెలవులలో మంచి కాలక్షేపం ఒకటి చెబుతున్నాము. అమెరికాలోని ఎరిక్ వాస్టల్ 2015లో ఇంటర్నెట్టులో ‘అడ్వెంట్ ఆఫ్ కోడ్’ ప్రారంభించారు. డిసెంబరు 1 మొదలు, మనకు ఉదయం 10-30 గంటలకు, రోజుకొక చిక్కుప్రశ్న వెలువడుతుంది. 2024 వరకు ఏటా 25 ఉండేవి. 2025లో 12 ఇచ్చారు. ప్రతి ప్రశ్నా ఒక కథ. మొదటి భాగం విప్పితేనే రెండవది తెరుచుకొంటుంది. ఏ కంప్యూటరు భాషలోనైనా వ్రాయవచ్చు. రుసుము లేదు. పాతవి కూడ అక్కడే ఉన్నవి.

కథ ఇంగ్లీషులో ఉంటుంది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియావో చదివే మన పిల్లలచేత ముందుగా దానిని తాతగారికో, అమ్మమ్మకో తెలుగులో చెప్పించండి. అందులోని చిన్న ఉదాహరణను ఇద్దరూ కాగితంమీద చేసి చూడవచ్చు. పొడుపుకథలా విడమరచి చెప్పగలిగితే సగం లెక్క తేలినట్లే. జవాబు యంత్రాన్ని అడిగి తెచ్చుకొంటే బంగారు చుక్క దక్కుతుంది గాని, బుద్ధికి పదును రాదు.