రౌటరు డబ్బా వెనుక చిన్న రంధ్రం

కిందటేడు జూన్ నెలలో, తొలకరి వాన పడిన ఒక సాయంకాలం, బిచ్కుందలోని మా అక్క ఇంటి నుండి నాకు ఫోన్ వచ్చింది. మాట్లాడింది మేనకోడలు. ఇంటర్మీడియట్ పాసై డిగ్రీలో చేరవలసిన పిల్ల. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ సీట్లు చాలావరకు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారానే ఇస్తున్నారు గదా. ఏ కాలేజీ ముందు, ఏది తరువాత అని వరుస పెట్టి నమోదు చేయడానికి ఆ రోజే ఆఖరు.

“మామా, నెట్ వస్తలేదు. కరెంటు పోయి వచ్చింది. పక్కింటి పిలగాడు వచ్చి డబ్బా ఎనక బొక్కల పిన్ను పెట్టి ఒత్తిండు. అప్పటిసంది అసలుకే పోయింది” అంది. గొంతులో ఏడుపు వినబడుతూనే ఉంది.

సెల్‌ఫోన్‌లో చేసుకోవచ్చు గదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఆ వానకు సిగ్నలు మిద్దె మెట్ల మీద తప్ప అందడం లేదు. అక్కడ కూడా మాట వినబడుతుంది గాని పేజీ తెరుచుకోదు. బజారులో ఇంటర్నెట్ సెంటరు మూసేశారు. కనెక్షన్ ఇచ్చినవారు రేపు వస్తామన్నారు. కనుక బావ ఫోన్ పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. నేను చెప్పిన ప్రతి మాటనూ లోపలికి కేక వేసి వినిపించాడు. ఆ రాత్రి వీధి వీధంతా రౌటరు పాఠం నేర్చుకుని ఉంటుంది!

మొదట దీపాల సంగతి అడిగాను. మన ఇళ్లకు వచ్చే ఫైబరు తీగలో కరెంటు పారదు, వెంట్రుకంత సన్నని గాజు పోగులో వెలుగు పారుతుంది. ఆ తీగ తెగినా, మరీ మడత పడినా డబ్బా మీద ‘లాస్’ అనే ఎర్ర దీపం వెలుగుతుంది. అది వెలిగితే ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. తీగ అతికేవారు రావలసిందే. “ఎర్రది లేదు, ‘పాన్’ అని రాసి ఉన్నకాడ పచ్చది ఉన్నది” అని బావ చెప్పాడు. నా మనసు కుదుటపడింది. వెలుగు ఇంటి వరకు వస్తున్నది. పోయినది దారి కాదు, డబ్బా జ్ఞాపకం.

వెనుక ఉన్న ఆ చిన్న రంధ్రం పేరు రీసెట్. పిన్నుతో పది సెకండ్లు ఒత్తి పట్టుకుంటే, రౌటరు తనకు చెప్పినవన్నీ మరచి, ఫ్యాక్టరీ నుండి వచ్చిన నాటి పసిబిడ్డ అవుతుంది. పవర్ స్విచ్ ఆపి మళ్లీ వేయడం వేరు, ఇది వేరు. మొదటిది నిద్రపోయి లేవడం. రెండవది గతం మరచిపోవడం. మన ఊళ్లలో అనేకులు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఆ పిల్లవాడి తప్పు కూడా అంతే.

ఇంతకూ రౌటరు చేసే పని ఏమిటి? బిచ్కుంద బస్టాండులో నిలబడి దారి చెప్పే పెద్దమనిషిని తలచుకోండి. మద్నూరు, దెగ్లూరు పోయేవారిని ఒక వైపు, బాన్సువాడ పోయేవారిని మరొక వైపు చూపుతాడు. తాను ఎన్నడూ వినని ఊరి పేరు చెబితే, “ముందు హైదరాబాదు పో, అక్కడ చెబుతారు” అంటాడు. రౌటరు లోపల కూడా ఇటువంటి దారుల పట్టిక ఒకటి ఉంటుంది. ఇంట్లోని ఫోన్లు, లాప్‌టాప్ ఎక్కడున్నవో దానికి తెలుసు. తెలియని చిరునామాలన్నిటినీ ఒకే దారిన బయటికి పంపుతుంది. దానినే డిఫాల్ట్ రూట్ అంటారు. రీసెట్ చేసినప్పుడు చెరిగిపోయింది ఆ బయటి దారే.

సరే, పిల్లను లాప్‌టాప్ తీసుకోమన్నాను. డబ్బా అడుగున అంటించిన చీటీలో వైఫై పేరు, పాస్‌వర్డు ఉంటాయి. రీసెట్ తరువాత అవే పని చేస్తాయి. వాటితో కలిసి, బ్రౌజరు పైన 192.168.1.1 అని కొట్టమన్నాను. ఇది ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునే పేజీ, ఎందుకంటే అది డబ్బా లోపలే ఉంటుంది. కొన్ని కంపెనీల డబ్బాలకు 192.168.0.1 ఉంటుంది, అదీ ఆ చీటీ మీదనే చూసుకోవచ్చు.

అందులో ‘వ్యాన్’ అనే భాగానికి వెళ్లాలి. బయటి ప్రపంచంతో కలిసే పద్ధతి అక్కడ మూడు రకాలుగా కనబడుతుంది. చిరునామా తనంతట తానే తెచ్చుకునేది ఒకటి, మనం అంకెలు రాసి ఇచ్చేది ఒకటి, పేరూ పాస్‌వర్డూ చెప్పి లోపలికి వెళ్లేది మూడవది. ఈ మూడవదాని పేరు పీపీపీఓఈ. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు టెలిఫోను తీగ మీద మోడెం కీచుమని అరుస్తూ పేరు చెప్పుకునేది గదా, ఆ అలవాటే ఇప్పటికీ ఈ రూపంలో నిలిచింది. అక్క ఇంట్లో ఉన్నది ఈ పద్ధతే.

మరి ఆ పేరేది? కనెక్షన్ పెట్టిననాడు ఇచ్చిన చీటీ కోసం ఇల్లంతా వెదికారు. చివరికి అక్క దానిని రేషన్ కార్డు కవరులో నుండి తీసింది. ఏ కాగితం పారేయదు మా అక్క; ఆ గుణాన్ని ఇన్నేళ్లు ఎగతాళి చేసిన బావ ఆ రోజు నోరెత్తలేదు. పేరు, పాస్‌వర్డు, వాటి కింద పెన్నుతో ‘వీల్యాన్’ అని ఒక అంకె. ఈ అంకె చిన్నదే గాని, తప్పితే అన్నీ సరిగా ఉన్నా నెట్ రాదు. కంపెనీ తన తీగలో ఇంటర్నెట్‌కు ఒక అంకె, ఫోన్ మాటలకు ఒక అంకె పెట్టుకుంటుంది, ఒకే రోడ్డు మీద గీతలు గీసినట్టు.

అన్నీ నింపి సేవ్ కొట్టింది. రాలేదు. మళ్లీ కొట్టింది. రాలేదు. అప్పటికి ఎనిమిదిన్నర. పాస్‌వర్డులో ఉన్నది సున్నానా, ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమా అని అడిగాను. “నాకెట్ల తెలుస్తది మామా, రెండూ గుండ్రంగనే ఉన్నయి!” సున్నా తీసి అక్షరం పెట్టమన్నాను. నిమిషం లోపల ఇంటర్నెట్ దీపం వెలిగింది. పిల్ల తన వరుస పెట్టుకుంది: మొదట నిజామాబాదు గిర్రాజ్ కాలేజీ, తరువాత బాన్సువాడ, ఆపైన బిచ్కుందలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. మూడవది ఇంటికి దగ్గర, దానినే ముందు పెట్టమని తల్లి కోరిక. ఆ వాదన నేను ఫోన్‌లో వినకుండా తప్పించుకున్నాను.

మరునాడు మరొక చిక్కు బయటపడింది. ముందున్న కిరాణా కొట్టులో బావ పాత రౌటరు ఒకటి పెట్టుకున్నాడు, లోపలి డబ్బా నుండి తీగ లాగి. ఇంట్లో నెట్ ఉంది, కొట్టులో లేదు. రీసెట్ తరువాత లోపలి డబ్బా చిరునామా 192.168.1.1 అయింది, కొట్టులోనిదానిదీ అదే. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే నంబరు ఉంటే పోస్ట్‌మాన్ ఏమి చేస్తాడు? కొట్టులోని రౌటరుకు లోపలి వైపు, బయటి వైపు ఒకే వరుస అంకెలు కనబడి, ఏది ఇల్లో ఏది వీధో తెలియలేదు. దాని చిరునామాను 192.168.2.1గా మార్చగానే సరిపోయింది. ఈ 192.168తో మొదలయ్యే అంకెలు ఇళ్ల లోపల వాడుకొనడానికే వదిలినవి, కనుక లక్షల ఇళ్లలో ఇవే ఉన్నా బాధ లేదు; ఒకే ఇంట్లో రెండు ఉంటేనే బాధ. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచమంతటికీ కలిపి సుమారు 429 కోట్లే. పంచడానికి మిగిలిన వాటిలో ఆఖరి మూటలు 2011 ఫిబ్రవరిలోనే ఇచ్చివేశారు. అందుకే ఇంటికంతా కలిపి బయట ఒక్క చిరునామాతో నెట్టుకొస్తున్నాం, కొన్నిచోట్ల అనేక ఇళ్లకు కలిపి ఒక్కటే.

కేంద్రం 2011 అక్టోబరులో సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబరు వేసే పథకాన్ని ఆమోదించింది. భారత్‌నెట్ అని ఇప్పుడు పిలుస్తున్నది దానినే. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే ఈ తీగకూ చోటు ఇచ్చారు. నీళ్లతో పాటు పల్లెకు వస్తున్న ఈ డబ్బాను ఇంట్లో ఒకరైనా తెరిచి చూడగలగాలి, వీలైతే ఆడపిల్లలు.

మరచిపోకముందే రెండు మాటలు. రీసెట్ చేస్తే పేజీ తెరిచే పాస్‌వర్డు కూడా చీటీ మీదిదే అవుతుంది. దానిని వెంటనే మార్చండి, వైఫైది వేరుగా పెట్టండి. ఎవరో ఫోన్ చేసి “డీఎన్ఎస్ అంకె మార్చండి, వేగం పెరుగుతుంది” అంటే మార్చవద్దు. పేరు చెబితే చిరునామా వెదికి ఇచ్చే చిట్టా అది. దొంగ చిట్టా పెడితే మీరు బ్యాంకు పేరే కొట్టినా వాడి దుకాణానికి చేరే ప్రమాదం ఉంది.

ఇప్పుడు అక్క ఆ చీటీకి రెండు జిరాక్సులు తీయించింది. ఒకటి కొట్టులో గల్లాపెట్టె మూతకు లోపలి వైపు అంటించింది. అసలుది మళ్లీ రేషన్ కార్డు కవరులోకే వెళ్లింది. ‘ఓ’ అక్షరం చుట్టూ మేనకోడలు ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన “సున్నా కాదు” అని రాసి పెట్టింది.