పాటయు మన పడుచువారును

నేడు నేను ముచ్చటింపదలచినది సంగీతశాస్త్రము గాదు. ‘ఇది నా యూరు, ఇది నా దేశము’ అను భావము పడుచువారి మనసులో నాటుకొనుటకు పాట యెట్లు తోడ్పడునో చెప్పదలచితిని. చేతి ఫోనులలో దేశదేశముల పాటలు వినుచు పిల్లలు ఊరిని మఱచుచున్నారని పలువురు వాపోవుచున్నారు. ఆ భయము సగమే నిజమని నా యభిప్రాయము.

పాట వినుట వేఱు, పాటలో పాలుగొనుట వేఱు. జనగామ సీమలోని ఒగ్గుకథను చూడుడు. మాణిక్యాపురపు చుక్క సత్తయ్య 2017లో గతించెను. ఆయన కథ నెత్తుకొన్నను, ప్రక్కవాడు మాట కందీయనిదే కథ సాగెడిది కాదు. డోలు కొట్టువాడును, తాళము వేయువాడును కథలోనివారే. ఆ మేళములో చేరిన కుఱ్ఱవాడు తన వంతు వచ్చువఱకు ఇతరుల మాట వినుట నేర్చుకొనును. గ్రామసభలో కూర్చుండువానికి ఇంతకంటె కావలసినదేమి?

ఊరి యెల్ల దాటించు పాటయు గలదు. మహబూబాబాదు తండాలలో తీజ్ పండుగకు పెండ్లికాని పడుచులు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరు పోయుచు తమ గోర్ బోలిలో పాడుదురు. మహారాష్ట్ర, కర్ణాటకములందలి బంజారాలకును అది యింటిభాషయే. పటము చూడని పిల్లకు సైతము తనవారు దూరదేశముల నున్నారని ఆ పాట తెలుపుచున్నది.

రామప్పగుడి 2019 వఱకు భూపాలపల్లి జిల్లాలోనిది, ఇప్పుడు ములుగుది. ఆ గుడి శిల్పములను, 13వ శతాబ్దిలో జాయపసేనాని రచించిన నృత్తరత్నావళిని ఆధారముగా గొని నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యమును పునరుద్ధరించెను. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించినది. పేరిణి మద్దెలకు అడుగువేయు బాలునికి ప్రపంచము పొరుగువీధివలె దోచుటలో వింత లేదు.

పాట యెల్లప్పుడు సాధువు గాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలియైన పిమ్మట, పాటలును బుఱ్ఱకథలును వెట్టిచాకిరి వలదను ధైర్యమును ఊరూర జల్లినవి. దొరలకు చేదైనను, పౌరుడనగా ప్రశ్నించువాడని పామరులకు నేర్పినవి అవియే.

ఫోనులో పరదేశపు పాట వినుట దోషము గాదు. వంతపాడుటకు చోటులేని ఊరిలో మాత్రము అది చెవిలోనే నిలిచిపోవును. (డీజే పెట్టెల మ్రోతకు చెవులు మూసికొనువారిలో నేనును ఒకడనే, అది వేఱు మాట.)

జనగామ ప్రాంతపు రేబర్తిలో పుట్టి, బడి ముఖ మెఱుగక, తాపీపని చేసి బ్రతికిన అందెశ్రీ రచించిన గీతము 2024లో తెలంగాణ రాష్ట్రగీతమయ్యెను. మీ యూరి బడిలో దానిని పెట్టెలో నుండి వినిపించుచున్నారో, పిల్లలే గొంతెత్తి పాడుచున్నారో ఒక యుదయమున వెళ్లి చూడుడు.