శుద్ధి చేసిన నీరు ఎక్కడికి పోవాలి? చెరువుల పక్కన లేఅవుట్లు, మురుగునీటి సమస్య

నాగార్జునసాగర్ కుడి కాలువ మీద ఆధారపడిన దర్శి ప్రాంతంలో మీరు నివసిస్తున్నట్లయితే ‘ఎస్.ఎస్. ట్యాంకు’ అనే మాట వినే ఉంటారు. వేసవి నీటి నిల్వ చెరువుకు అది వాడుక పేరు. కాలువ పారినప్పుడు దానిని నింపుకొని, కాలువ ఆగిన తరువాత నెలల తరబడి ఆ నీటినే తాగుతారు. ప్రకాశం ప్రాంతపు పడమటి మండలాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. కాబట్టి చెరువు చెడిపోతే బోరు వేసుకుందామనుకునే వీలు లేదు.

ఇదే సమయంలో రోడ్డు పక్కన ఉన్న పత్తి, మిరప చేలు ప్లాట్లుగా మారుతున్నాయి. చెరువుకు ఎగువన ఒక వెంచర్ వస్తోందనుకుందాం. దాని కరపత్రంలో ‘భూగర్భ డ్రైనేజి, మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్నాయి’ అని రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చెరువుకు ఎంతవరకు రక్షణ ఇస్తుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఒక చిన్న లెక్క

వెంచర్‌లో 200 ఇళ్ళు, ఇంటికి ఐదుగురు చొప్పున 1,000 మంది ఉన్నారనుకోండి. డ్రైనేజి ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది మన దేశంలో వాడుకలో ఉన్న ప్రమాణం. అందులో దాదాపు 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా బయటికి వస్తుంది. మొత్తం రోజుకు 1,08,000 లీటర్లు.

ఈ మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా కుళ్ళబెట్టేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. ఎంత ఆక్సిజన్ కావాలో తెలిపే కొలతను జీవరసాయన ఆక్సిజన్ అవసరం అంటారు. వాడుకలో బి.ఓ.డి. శుద్ధి చేయని ఇళ్ళ మురుగులో ఇది లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు ఉంటుంది.

శుద్ధి కేంద్రంలో జల్లెడలు చెత్తను ఆపుతాయి, తొట్లలో బురద అడుగుకు చేరుతుంది. అసలు పని జరిగేది గాలి ఎక్కించే తొట్టిలో. చెరువులో జరగవలసిన కుళ్ళుడును ఇక్కడే, బ్లోయర్లతో గాలి అందించి, బాక్టీరియా చేత త్వరగా చేయిస్తారు. బ్లోయర్ ఆగి గాలి అందకపోతే ఈ బాక్టీరియా దెబ్బతింటుంది. నిర్వహణ భారం కాలనీ సంఘం మీద పడ్డాక కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి మొదట ఆపాలనిపించేది కూడా ఆ బ్లోయర్‌నే. యంత్రం ఉండటం, అది రాత్రింబవళ్ళు నడవటం వేర్వేరు విషయాలని గుర్తుంచుకోండి.

ప్రమాణం ఒకటి, చెరువు అవసరం మరొకటి

కేంద్రం సక్రమంగానే నడుస్తోందనుకుందాం. 2017 అక్టోబరు నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం, మహానగరాలు కాని చోట్ల శుద్ధి చేసిన నీటిలో బి.ఓ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. మామూలు పద్ధతిలో శుద్ధి చేసి తాగటానికి వాడే జలవనరులో 3 మిల్లీగ్రాములకు మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతోంది. అంటే చట్టప్రకారం ‘శుద్ధమైన’ నీరు, చెరువులో ఉండదగిన నీటి కంటే పది రెట్లు మలినం కావచ్చు.

అంతకంటే ముఖ్యమైనది ఫాస్ఫరస్. మలమూత్రాల నుంచి, సబ్బుల నుంచి వచ్చే ఈ మూలకం మామూలు శుద్ధిలో పూర్తిగా పోదు. 2017 నోటిఫికేషన్‌లో దీనికి పరిమితే లేదు. లీటరుకు 5 మిల్లీగ్రాములు మిగిలిందనుకుంటే మన వెంచర్ నుంచి రోజుకు 540 గ్రాములు వస్తుంది. ఒక గ్రాము ఫాస్ఫరస్‌తో పొడి బరువులో సుమారు 100 గ్రాముల నాచు పెరగగలదు. పారే ఏరు దీనిని దిగువకు మోసుకుపోతుంది, చెరువు దాచుకుంటుంది. నాచు చచ్చి కుళ్ళినప్పుడు మళ్ళీ ఆక్సిజన్ ఖర్చవుతుంది, చేపలు తేలతాయి. బి.ఓ.డి. తగ్గించి పంపిన నీరే చెరువులో కొత్త బి.ఓ.డి.ని పుట్టిస్తుందన్నమాట. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రమాణాలను కఠినం చేస్తూ, చెరువుల్లోకి వదిలే నీటిలో ఫాస్ఫరస్‌కు లీటరుకు 1 మిల్లీగ్రాము పరిమితి పెట్టడానికి కారణం ఇదే.

జంట జలాశయాల అనుభవం

ఈ ప్రశ్న పెద్ద స్థాయిలో హైదరాబాదులో ఎదురయింది. 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధిస్తూ 1996 మార్చి 8న జి.ఓ. 111 వచ్చింది. శుద్ధి చేస్తామంటే సరేననకుండా, మురుగు పుట్టే అవకాశాన్నే దూరంగా ఉంచటం దాని పద్ధతి. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమకు మినహాయింపు ఇవ్వాలన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. హాని జరగదని నిరూపించే బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదేనని 1999లో న్యాయస్థానం వివరించింది. 2000లో మినహాయింపు చెల్లదని తేల్చింది.

నగరానికి కృష్ణా, గోదావరి జలాలు వచ్చాక ఆ రెండు జలాశయాల వాటా 1.25 శాతం లోపేనని చూపుతూ, 2022 ఏప్రిల్ 12న జి.ఓ. 69 ఆ ఆంక్షలను తొలగించింది. అయితే గమనించండి: శుద్ధి కేంద్రాలు కట్టాలన్న ఆ ఉత్తర్వే, శుద్ధి చేసిన నీటిని కూడా జలాశయాల్లోకి రానివ్వకుండా మళ్ళింపు కాలువలు తవ్వాలని చెప్పింది. ఆంక్షలు సడలించినవారు కూడా శుద్ధి ఒక్కటే చాలదని ఒప్పుకున్నారు. దర్శి వంటి ఊరికి వేరే నది లేదు కనుక ఈ జాగ్రత్త ఇక్కడ ఇంకా అవసరమని నా అభిప్రాయం.

కట్టేటప్పుడే మొదలయ్యే హాని

ఇళ్ళలోకి మనుషులు రాకముందే చెరువుకు నష్టం మొదలవుతుంది. చదును చేసి వదిలేసిన నేల మీద తొలి వాన పడగానే మట్టి, దానికి అంటుకున్న ఎరువుల ఫాస్ఫరస్‌తో సహా వాగులోకి దిగుతుంది. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారుతుంది; సరిగా పరుపు వేయకుండా పూడ్చిన డ్రైనేజి గొట్టాల అతుకులు దీనివల్ల విడిపోతాయి. అప్పుడు మురుగు శుద్ధి కేంద్రానికి చేరకుండానే నేలలోకి పోతుంది.

10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటి నుంచి 9 మీటర్లు వదలాలని 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు చెప్పాయి. ఈ దూరాన్ని చెరువు అలుగు పారే మట్టం దగ్గర నీటి అంచు నుంచి కొలవాలి. మే నెలలో నీరు కనిపించే చోటు నుంచి కొలిచిన ప్లాటు, అక్టోబరులో నీళ్ళలో ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 350 ఇళ్ళున్న లేఅవుట్ నుంచి రోజుకు వచ్చే మురుగును, శుద్ధి తరువాత మిగిలే ఫాస్ఫరస్‌ను పై పద్ధతిలో లెక్కించండి.

2. మీ ఊరి చెరువు అలుగు దగ్గర నిలబడి, నీరు వచ్చే వాగుల వెంట ఎగువకు నడవండి. దారిలో కలిసే ప్రతి మురుగు కాలువనూ పటంలో గుర్తించి, ఒక్కొక్కదానిని చెరువు దిగువకు మళ్ళించే వీలుందో లేదో రాయండి.