పాలు పితికాక ఆ అరగంట!

మా గంగకి చన్నులు నాలుగు. పాలిచ్చేవి మాత్రం మూడే. ఆ నాలుగోది ఎండిపోయింది నా తొందర వల్లే.

పొద్దున్నే పాలు పితికి, పాలకేంద్రానికి బైక్ తీసేవాణ్ని. నేనటు వెళ్లగానే గంగ తడి పేడలో పడుకునేది. అలసిపోయిందిలే అనుకునేవాణ్ని. పితికాక కనీసం అరగంట చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుందనీ, సూక్ష్మక్రిములకు అదే దారి అనీ పశువుల డాక్టరుగారు చెప్పేదాకా తెలీదు. పొదుగువాపు మాకలా అంటుకుంది.

వాపు, వేడి, పాలల్లో తరకలు... ఇవి కనిపించేసరికే ఆలస్యమైపోయింది. అంతకుముందు పాలు చూడ్డానికి బాగానే ఉన్నాయి, కాస్త తగ్గాయంతే. నేనేమో దాణాని తిట్టుకున్నా!

ఇప్పుడు పదిహేను రోజులకోసారి ఇంట్లోనే టెస్ట్ చేస్తున్నా. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలపాలి. ఒక్కో చన్ను పాలు విడిగా గిన్నెలో పట్టి, అన్నే సబ్బునీళ్లు పోసి నిమిషం తిప్పాలి. జిగురులా చిక్కబడితే తేడా ఉన్నట్టే. వెంటనే డాక్టరుకి ఫోన్ కొట్టండి. సొంతంగా యాంటీబయాటిక్ తెచ్చి ఎక్కించొద్దు. మందు వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ పాలు అమ్మకూడదు. దీని మీద మా ఇంట్లో పెద్ద గొడవే అయింది.

ఇప్పుడైతే పితకడం అవ్వగానే చన్నుల్ని అయోడిన్ మందులో ముంచి, గంగ ముందు పచ్చగడ్డి పడేస్తా. తింటూ నిలబడుతుంది. నేనూ అక్కడే ఉంటా. పాలకేంద్రంలో నా క్యాన్ రోజూ ఆఖరుదే.