పాటల పుస్తకాలు పదికాలాలు నిలవాలంటే

సినిమా హాళ్ల దగ్గర ఒకప్పుడు చిల్లర పైసలకు అమ్మిన పాటల పుస్తకాలను ఇప్పుడు సేకర్తలు వెతికి మరీ కొనుక్కుంటున్నారు. కథాసంగ్రహం, నటీనటుల పేర్లు, పాటలు అచ్చయిన ఆ నాలుగు పేజీలే, ప్రింట్లు దొరకని కొన్ని పాత సినిమాలకు మిగిలిన ఆధారాలు. దశాబ్దాలపాటు సినిమా పంపిణీ వ్యాపారం విజయవాడ గాంధీనగరం కేంద్రంగా సాగింది. అందుకే కృష్ణా తీరంలోని ఇళ్లలో ఇలాంటి పుస్తకాలు, వాల్ పోస్టర్లు, వాటితోపాటు 1947 జులైలో మొదలైన పిల్లల పత్రిక 'చందమామ' పాత సంచికలు ఇంకా కనిపిస్తాయి. ముట్టుకుంటే అంచులు రాలిపోవడమే వాటితో చిక్కు.

ఆ చేటు చాలావరకు కాగితంలోనే ఉంది. చవక న్యూస్‌ప్రింట్‌ను కలపను గుజ్జుగా రుబ్బి తయారు చేస్తారు. అందులో మిగిలిపోయే లిగ్నిన్ గాలి, వెలుతురు తగిలి పసుపెక్కుతుంది, ఆమ్లాలను పుట్టిస్తుంది. సిరా పాకకుండా కాగితానికి పట్టించే పటిక కూడా ఆమ్లాన్ని పెంచుతుంది. ఆ ఆమ్లం కాగితానికి బలమిచ్చే సెల్యులోజ్ పోగులను తెంచుతుంది. గుడ్డపీలికలతో చేసిన చేతి కాగితం వందల ఏళ్లు నిలిస్తే, ఇది కొన్ని దశాబ్దాలకే పెళుసెక్కేది అందుకే.

వేడి, తేమ ఈ నాశనాన్ని వేగిరపరుస్తాయి. విజయవాడ ప్రాంతంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వానాకాలంలో గాలి చెమ్మగా ఉంటుంది. ఆ చెమ్మకు కాగితం బూజు పడుతుంది, కుట్టిన పిన్నులు తుప్పు పడతాయి. పైగా, దగ్గర్లోని ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో నడిచే నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గు మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌ను కాగితం పీల్చుకుంటే అది ఆమ్లంగా మారుతుంది. గరుకైన బూడిద ధూళి పేజీల మధ్య చేరితే అచ్చును గీరుతుంది. ఇక చెదలు, బొద్దింకలు, సిల్వర్ ఫిష్ పురుగులు జిగురును, కాగితాన్నీ తినేస్తాయి.

కాబట్టి ముందు చోటు మార్చాలి. శ్లాబు కింది అటక ఇంట్లో అన్నిటికంటే వేడెక్కే చోటు. బయటి గోడకు ఆనించిన బీరువాకు చెమ్మ తగులుతుంది. లోపలి గదిలో, నేలకు అడుగు ఎత్తున, గోడకు ఎడంగా ఉన్న అల్మారా మేలు. పుస్తకాలను నిలబెట్టకుండా పడుకోబెట్టి, తక్కువ దొంతరగా పేర్చాలి. ఒక్కొక్కదాన్నీ ఆమ్లరహిత కాగితంలో గానీ, పాలియెస్టర్ తొడుగులో గానీ ఉంచాలి. మామూలు పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆమ్లాన్ని వదిలి సిరాను అంటించుకుంటాయి. పోస్టర్లను మడిచిన గీతల దగ్గరే చిరుగు మొదలవుతుంది కనుక, వాటిని వెడల్పాటి అట్టగొట్టానికి ఆమ్లరహిత కాగితం చుట్టి, దాని మీద చుట్టాలి.

తుప్పు పట్టిన పిన్నులను లాగకుండా, వెనకవైపు కాళ్లను మెల్లగా పైకెత్తి తీసి, నూలు దారంతో కుట్టాలి. సెల్లో టేపు జిగురు గోధుమరంగు మరకగా కాగితంలోకి ఇంకుతుంది. లామినేషన్‌లో వేడితో అంటించే ప్లాస్టిక్ పూతను ఇక తిరిగి తీయలేం. మైదా జిగురు పురుగులను పిలుస్తుంది. చిరుగులకు సంరక్షణ నిపుణులు వాడే పలుచని జపాన్ కాగితం, శుద్ధమైన గోధుమ స్టార్చ్‌తో చేసిన గంజి సరైనవి. కలరా ఉండలు కొంతవరకు పురుగులను ఆపుతాయి. కానీ వాటి ఆవిరి మనుషులకు మంచిది కాదు. ఏటా రెండుసార్లు అల్మారా తెరిచి, మెత్తని కుంచెతో దుమ్ము దులపడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీట మునిగాయి. అలా తడిసిన కాగితానికి రెండు రోజుల్లోనే బూజు పట్టవచ్చు. ఎండలో వేస్తే వంకర్లు పోయి రంగు వెలుస్తుంది. పేజీల మధ్య అద్దుడు కాగితం పెట్టి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. అతుక్కుపోయిన పేజీలను బలవంతంగా విడదీయకూడదు.

ఎంత జాగ్రత్తపడినా న్యూస్‌ప్రింట్ చిరకాలం నిలవదు. అందుకని చేతికందిన రోజే ప్రతి పేజీనీ ఫొటో తీసి, రెండు చోట్ల దాచుకోవాలి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలను తరతరాలుగా కాపాడుతూ వస్తోంది. ఇంట్లో ఉంచుకోలేనివారు పాత కాగితాలవాడికి తూకానికి వేసే ముందు, అలాంటి గ్రంథాలయాన్ని ఒకసారి సంప్రదించడం మంచిది.