ఉచిత ఇంటర్నెట్టు - వాటాల వెల

ఉచితమనిన ఎవరికి ప్రియము కాదు? కాని ఉచితముగా లభించు వస్తువునకు గూడ ఎవరో యొకరు వెల చెల్లించుచునే యుందురు. వారెవరో విచారింపక పెట్టుబడి పెట్టుట ఎంత ప్రమాదకరమో ఇంటర్నెట్టు తొలినాళ్ల చరిత్ర తెలుపుచున్నది.

బ్రిటనులో విద్యుత్పరికరముల దుకాణములు నడుపుచుండిన డిక్సన్స్ సంస్థ 1998 సెప్టెంబరులో ‘ఫ్రీసర్వ్’ అను ఇంటర్నెట్టు సేవను ప్రారంభించెను. అంతకు ముందు ఇట్టి సేవకు నెలకు సుమారు 10 పౌనుల చందా కట్టవలసి యుండెడిది. ఫ్రీసర్వ్ చందా యేమియు కోరలేదు. ఏడాది తిరుగక మునుపే పది లక్షల మందికి పైగా అందు చేరిరి.

మరి ఆదాయమెట్లు? ఆనాడు ఇండ్లకు ఇంటర్నెట్టు సాధారణముగా టెలిఫోను తీగ ద్వారానే వచ్చెడిది. బ్రిటనులో స్థానికపు కాలుకు సైతము నిమిషముల లెక్కన రుసుము పడెడిది. అందులో కొంత పాలు ఫ్రీసర్వునకు ముట్టెడిది. చందాగా ఈయని సొమ్మును గృహస్థుడు టెలిఫోను బిల్లులో ఇచ్చుచుండెనన్న మాట!

అమెరికాలో ఈ ఉపాయము సాగదు. అచ్చట చాలచోట్ల స్థానికపు కాళ్లకు నెలకొక్కటే మొత్తము. అందుచేత 1998 అక్టోబరులో వెలసిన ‘నెట్‌జీరో’ ప్రకటనలను నమ్ముకొనెను. కంప్యూటరు తెరపై వాటి పట్టీ ఎల్లప్పుడు కనబడుచుండెడిది. అయితే ఆనాడు ఇంటర్నెట్టులో ప్రకటించువారిలో అనేకులు క్రొత్త ఇంటర్నెట్టు కంపెనీల వారే. వారు వెచ్చించిన ధనము వాటాదారులు పోసినదే.

పోటీలో ధర సున్నకు దిగిన పిమ్మట ఇంకేమి తగ్గింతురు? బ్రిటనులో 2000 సంవత్సరమున నిమిషముల లెక్క లేని పథకములు వచ్చి, ఫ్రీసర్వు ఆదాయపు మూలమే సడలెను. అమెరికాలో ప్రకటనల రాబడి క్షీణింపగా, నెట్‌జీరో ఉచితపు గంటలకు హద్దు విధించి, 2001లో నెలకు 9.95 డాలర్ల చందా సేవను పెట్టెను. ఆ సెప్టెంబరులోనే తన పోటీదారు ‘జూనో’తో కలిసిపోయెను.

వాటాల మాట చూడుడు. 1999 జూలైలో ఫ్రీసర్వ్ వాటా 150 పెన్నీలకు అమ్ముడయ్యెను. కంపెనీ మొత్తము విలువ సుమారు 150 కోట్ల పౌనులు. 2000 మార్చిలో వాటా 9 పౌనులు దాటెను. అదే డిసెంబరులో ఫ్రెంచి సంస్థ ‘వానడూ’ ఆ కంపెనీని కొనుటకు ఒప్పుకొన్నది రమారమి 165 కోట్లకే. తొలుత కొన్నవారు బయటపడిరి. పొరుగువాని లాభము చూచి శిఖరమున కొన్నవారు మునిగిరి. అమెరికాలో నాస్‌డాక్ సూచియు 2000 మార్చి 10న 5,048 వద్ద నుండి 2002 అక్టోబరునకు 1,114కు పడెను.

చేరినవారి సంఖ్య లాభము కాదు. లాభము కనబడక మునుపే దానికి వెల కట్టుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమనుటయే. ఇంటర్నెట్టు మాత్రము నిలిచినది, వృద్ధి చెందినది. వస్తువు మంచిదగుట వేరు, దాని వాటాకు చెల్లించిన వెల తగినదగుట వేరు. కష్టార్జితమును మదుపు పెట్టు గృహస్థుడు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఉచితమునకు వెల చెల్లించుచున్న దెవరు? ఎంతకాలము చెల్లింపగలరు?